చార్మినార్ మెట్లు, మన కోట ముచ్చట

సావనీరు కమిటీ మిత్రులు ఫోన్ చేసి, "నువ్వు సోషల్ సార్‌గా రిటైరయినవు గదా, చరిత్ర మీద ఒక వ్యాసం రాసి పంపు" అన్నారు. ఏ కాకతీయుల మీదనో రాస్తాననుకొని ఉంటారు. నాకు మాత్రం మా ఇంటి బీరువాలో అట్ట ఊడిపోయిన ఒక నోటుబుక్కు యాదికొచ్చింది. నీలి సిరా వెలిసిపోయింది కాని అక్షరాలు తెలుస్తున్నాయి. 1975 జనవరిలో మన బడి నుంచి హైదరాబాదు ఎక్స్‌కర్షన్ పోయినప్పుడు రాసుకున్న నోట్సు అది. ఆ నోట్సులో మా సార్ పెట్టించిన కొన్ని ప్రశ్నగుర్తులు ఉన్నాయి. వాటిల్లో ఒకదాన్ని నేను పంతులునయినాక ఎగరగొట్టాను. ఈ వ్యాసం ఆ లెక్క ఒప్పజెప్పడానికే.

ఆనాడు మనిషికి పదిహేను రూపాయలు. ఇప్పుడు నవ్వొస్తది గాని అప్పుడది చిన్న మొత్తం కాదు. హాస్టల్లో మాతో ఉన్న సిరిసిల్ల పిల్లగాడు పేరు ఇయ్యలేదు. వాళ్ళ నాయిన మగ్గం నేసేవాడు. పేర్లు ఇచ్చే ఆఖరి రోజు సార్ హాజరు పట్టీ తీసి, "నీ పేరు రాసిన" అని మాత్రం అన్నాడు. పైసలు ఎవరు కట్టారని మేమూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. రాత్రి బయలుదేరిన బస్సు కరీంనగర్, సిద్దిపేట మీదుగా తెల్లారేసరికి హైదరాబాదు చేరింది. కోరుట్ల దోస్తు ఒకడు బస్సులో తోవ పొడుగునా వాంతులు చేసుకున్నాడు. ఇప్పుడు ఆయన పెద్ద కాంట్రాక్టరు కాబట్టి ఆ వివరం ఇంతటితో ఆపుతున్న.

చార్మినార్ లోపలి మెట్లు ఎక్కినవాళ్ళకు తెలుసు. మినారు లోపల గుండ్రంగా తిరుగుతూ పోతాయి. ఇరుకు, చీకటి. ఒక్కొక్క మెట్టు మోకాలు దాకా ఉన్నట్టు అనిపిస్తది. మొత్తం 149 మెట్లు. అన్నీ ఎక్కనివ్వరు, మొదటి అంతస్తు వసారా దాకే. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు ఎదురైతే గోడకు వీపు ఆనించి నిలబడాలె. చీకట్లో నుంచి ఒక్కసారిగా బయటికి వస్తే కండ్లు చెదిరిపోయినయి. జగిత్యాలలో మిద్దె ఎక్కడమే ఎత్తు అనుకునే పిల్లలం. కింద రిక్షాలు, సైకిళ్ళు, బస్సులు, తోపుడు బండ్లు అన్నీ చార్మినార్ చుట్టే తిరుగుతున్నాయి.

సార్ మమ్ముల నాలుగు జట్లు చేసి నాలుగు దిక్కులకు నిలబెట్టాడు. "పది నిమిషాలు. మాట్లాడొద్దు. ఏం కనబడ్తే అది రాయిండ్రి. ఎవని దిక్కు వాడే రాయాలె." తర్వాత జట్లను దిక్కులు మార్పించాడు.

నా నోటుబుక్కులో ఉత్తరం దిక్కున ఇట్లా ఉంది: గుల్జార్ హౌజ్, దాని చుట్టూ నాలుగు కమాన్లు, ఆ తర్వాత పత్తర్‌గట్టి రాతి దుకాణాలు, ఇంకా ముందుకు మూసీ వైపు పెద్ద పెద్ద గుమ్మటాలు. ఆ గుమ్మటాలు హైకోర్టువి, ఉస్మానియా దవాఖానావి అని సార్ చెప్పాడు. 1908 సెప్టెంబరులో మూసీ ఊరి మీద పడి వేలమందిని తీసుకుపోయిన తర్వాత నది ఒడ్డున లేచిన కట్టడాలవి. పడమర: లాడ్ బజార్, గాజుల తళుకులు, దూరంగా మహబూబ్ చౌక్ గడియార స్తంభం. దక్షిణం: పక్కనే మక్కా మసీదు, చాలా దూరంలో గుట్ట మీద తెల్లగా ఫలక్‌నుమా. తూర్పు దిక్కు కాడ "ఇండ్లు, ఇండ్లు, గాలిపటాలు" అని మాత్రమే రాశాను. సంక్రాంతి ముందు రోజులు కాబట్టి అది తప్పేం కాదు.

తర్వాత సార్ చెప్పింది నేను ఇప్పటికీ మర్చిపోలేదు. "కిందున్నప్పుడు ఇది బజారు. పైకెక్కినంక ఇది లెక్క. ఎవడో కూర్చొని గీతలు గీసి కట్టిన పట్నం ఇది." నిజమే. కుతుబ్‌షాహీ వంశంలో ఐదవ సుల్తాను మహమ్మద్ కులీ 1591లో ఈ కట్టడం కట్టించినప్పుడు చుట్టూ ఉన్న నగరం ఇంకా నగరం కాలేదు. గోల్కొండ కోటలో జనం కిక్కిరిసిపోయారు, నీళ్ళకు కరువొచ్చింది. ఆయన తండ్రి ఇబ్రహీం కాలంలోనే, 1578లో, మూసీ మీద పురానాపూల్ కట్టి అవతలి ఒడ్డుకు తోవ వేశారు. కొత్త నగరం గీత గీసే పని దివాను మీర్ మోమిన్ అస్త్రాబాదీ చూసుకున్నాడు. ఆయన ఇరాన్ నుంచి వచ్చిన పండితుడు. రెండు పెద్ద బాటలు ఒకదాన్నొకటి కోసుకునే చోట చార్మినార్. ఒక్కొక్క వైపు 20 మీటర్ల చతురస్రం, వైపుకొక కమాను, ఆ కమాన్లో నుంచి చూస్తే ఒక్కొక్క బాట. మినార్ల ఎత్తు సుమారు 160 అడుగులు. పై అంతస్తులో పడమటి దిక్కున చిన్న మసీదు, దాంట్లో నమాజుకు 45 జాగాలు. మనం చార్మినార్ అనగానే తలచుకునే గడియారాలు మాత్రం కుతుబ్‌షాహీలవి కావు, 1889లో పెట్టినవి. అంటే కట్టిన మూడు వందల ఏండ్లకు.

ఫ్రెంచి యాత్రికుడు తెవెనో 1660లలో వచ్చి ఈ కట్టడాన్ని చూసి రాసిపెట్టుకున్నాడు. ఆయనకు గొప్పగా అనిపించింది నీళ్ళ ఏర్పాటు. అంత ఎత్తుకు నీళ్ళెక్కించి అక్కడినుంచి రాజమహలుకు పంపుతున్నారని ఆశ్చర్యపోయాడు. ఎత్తు కట్టడం అంటే చూడడానికే కాదు, నీళ్ళు పారించడానికి కూడా. మన వాటర్ ట్యాంకుల్ని చూసినప్పుడల్లా నాకు తెవెనో యాదికొస్తాడు.

మా వెంట ఒక గైడు కూడా తగిలాడు. ఉర్దూలో, తెలుగులో కలిపి చెప్పేవాడు. పట్నంలో గత్తర తగ్గినందుకు మొక్కు తీర్చుకోవడానికి చార్మినార్ కట్టారని, కింద నుంచి గోల్కొండ దాకా సొరంగం ఉందని, సుల్తాను గుర్రం మీద దాంట్లోంచి పోయేవాడని. మేం నోళ్ళు తెరుచుకొని రాసుకుంటున్నాం. సార్ ఆయన మాట ఎక్కడా కొట్టెయ్యలేదు. గైడు పోయినంక, "రాసుకున్నరా? మంచిది. పక్కన ప్రశ్నగుర్తు పెట్టుండ్రి" అన్నాడు.

"అబద్ధమా సార్?" అని అడిగాం.

"అబద్ధమని నేనన్ననా? తెల్వది అన్న. గోల్కొండ ఏ ఒడ్డున ఉన్నది? మనమే ఒడ్డున ఉన్నం? నడుమ మూసీ ఉన్నదా లేదా? మరి సొరంగం నది కిందికెల్లి పోయిందా? అడగాలె గదా."

గత్తర కథ సంగతీ అంతే. 1591 అక్టోబరులో హిజ్రీ వెయ్యో సంవత్సరం మొదలైంది. ఆ వెయ్యేండ్ల గుర్తుకే కొత్త నగరం, దాని నడుమ ఈ కట్టడం అనే చరిత్రకారులు ఉన్నారు. మొక్కు కథను నమ్మేవాళ్ళూ ఉన్నారు. నా నోటుబుక్కులో రెండూ ఉన్నాయి, రెండింటి పక్కనా ప్రశ్నగుర్తు ఉంది.

దిగి వచ్చినంక పత్తర్‌గట్టిలో ఒక గుడ్డల దుకాణం ముందు మా సిరిసిల్ల దోస్తు ఆగిపోయాడు. చీర అంచు రెండు వేళ్ళతో పట్టుకొని చూసి, "ఇది మా దిక్కు నేతనే" అన్నాడు. దుకాణదారు కసిరాడు. సార్ మాత్రం, "ఇది కూడా నోట్సుల రాసుకో" అన్నాడు. వాడు రాసుకున్నాడో లేదో తెలియదు, నేను మాత్రం రాసుకున్న.

జగిత్యాల తిరిగి వచ్చిన మొదటి ఆదివారం సార్ మమ్ముల మన కోటకు తీసుకుపోయాడు. రోజూ దాని పక్కనుంచే పోయేవాళ్ళం. అందులో చూడడానికేముంది అనుకున్నాం. కందకం అంచున నిలబెట్టి, "చార్మినార్ మీదికెల్లి పట్నం చూసిండ్రు. ఇప్పుడు ఇది మీదికెల్లి ఎట్లుంటదో గీయుండ్రి" అన్నాడు. ఎవరికీ రాలేదు. మా బొమ్మల్లో కోట గుండ్రంగానో, నాలుగు పలకలుగానో వచ్చింది. అప్పుడాయన కట్టెపుల్లతో మట్టిలో గీసి చూపించాడు. అది చుక్క ఆకారం. మన కోట నక్షత్రం కోట.

ఎందుకట్లా కట్టారన్నది కొంచెం వివరంగా చెప్పాలి. పాత కోటలకు బలం గుట్ట. ఎలగందుల, మొలంగూరు, రామగిరి అన్నీ గుట్టల మీదివే. పైనుంచి కిందికి చూస్తే శత్రువు దూరంగానే కనబడతాడు. జగిత్యాల కోట చదును నేల మీద ఉంది. అప్పటికి ఫిరంగులు బలపడ్డాయి. ఎత్తయిన సన్నని గోడ ఫిరంగి గుండుకు కూలుతుంది. అందుకని గోడను పొట్టిగా, మందంగా కట్టి, చుట్టూ లోతు కందకం తవ్వారు. గుండ్రటి బురుజు ముందు, సరిగ్గా దాని మొదట్లో, పక్క బురుజు నుంచి కాల్చినా గుండు తగలని జాగా ఒకటి మిగులుతుంది. శత్రువు అక్కడికి చేరితే ఇక వాణ్ణి కొట్టలేం. బురుజును కోసుగా, బాణం మొన లెక్క కడితే ఆ జాగా ఉండదు. ఒక మొన మీది ఫిరంగి పక్క మొన గోడను కాస్తుంది. ఐరోపాలో ఈ పద్ధతి బాగా ముదిరింది. ఫ్రాన్సులో వోబాన్ అనే ఇంజనీరు పేరు దీనికి ఎక్కువగా చెబుతారు. చార్మినార్ పట్నం నడుమ నిలబడి అందరికీ కనబడడానికి కట్టింది. మన కోట నేలకు అణిగి, దూరం నుంచి కనబడకుండా ఉండడానికి కట్టింది. పైనుంచి చూస్తే తప్ప దాని రూపం తెలియదు. అయితే పైనుంచి చూడడానికి చదును నేలలో ఎత్తే లేదు!

కోట సంవత్సరం 1747 అని చెప్తారు. కట్టించినవాడు ఎలగందుల సర్కారును ఏలిన ఇబ్రహీంఖాన్ ధంసా, బిరుదు జఫరుద్దౌలా. నిర్మల్ వైపు కూడా ఆయన పేరు గట్టిగానే వినబడుతుంది. అప్పుడు హైదరాబాదులో ఉన్నది మొదటి నిజాం. ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టిన నగరం గోడను ఆయనే పూర్తి చేయించాడు. అంటే కుతుబ్‌షాహీలు గోడ లేకుండా కట్టుకున్న పట్నానికి చుట్టూ గోడ లేచిన కాలమూ, మన ఊర్లో కందకం తవ్విన కాలమూ ఇంచుమించు ఒక్కటే. కాలం అట్లాంటిది. దక్కనులో ఎవరికీ నిద్రలేదు.

ఇక అసలు విషయం. కోట కట్టిన ఐరోపా ఇంజనీర్ల పేర్లు జాక్, తాల్ అని, వాళ్ళిద్దరి పేర్లు కలిసి జగిత్యాల అయిందని మనందరం చిన్నప్పటి నుంచి విన్నదే. ఆ ఆదివారం సార్ కూడా చెప్పాడు. నా నోటుబుక్కులో "జాక్ + తాల్ = జగిత్యాల" అని ఉంది. దాని పక్కన చక్కగా, పెద్దగా ప్రశ్నగుర్తు ఉంది.

నేను పంతులునయ్యాక ముప్పై ఏండ్లు పిల్లలకు ఈ ముచ్చట చెప్పాను. చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వేవాళ్ళు, పాఠం గుర్తుండేది. ప్రశ్నగుర్తు సంగతి ఎప్పుడు వదిలేశానో నాకే తెలియదు. ఆఖరి ఏండ్లు మన బడిలోనే పనిచేశాను. అప్పుడు తొమ్మిదో తరగతిలో కొడిమ్యాల నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి నిలబడి అడిగింది: "సార్, మరి మా కొడిమ్యాల ఎవరు కట్టిండ్రు? కొడిం, తాల్ కట్టిండ్రా? మంచిర్యాల ఎవరు కట్టిండ్రు సార్?"

తరగతి గొల్లుమంది. నాకు కోపం వచ్చింది. "అతితెలివి వద్దు, కూర్చో" అన్నాను. ఆ పిల్ల కూర్చుంది. మళ్ళీ ఆ ఏడాదంతా నా క్లాసులో ప్రశ్న అడగలేదు.

ఆ పిల్ల అడిగింది ఎంత గట్టి ప్రశ్నో ఇంటికి పోయినంక తెలిసింది. మంచిర్యాల, కొడిమ్యాల, జగిత్యాల: చివర ఒక్క తీరుగా ఉన్న ఊర్ల పేర్లు మన చుట్టే ఉన్నాయి. ఒక్క జగిత్యాలకే ఇద్దరు దొరలను తెచ్చి పేరు విడగొడితే మిగతావాటికి ఏం చెప్పాలి? ఇంకొకటి. హైదరాబాదు దర్బారులో ఫ్రెంచివాళ్ళ బలం పెరిగింది బుస్సీ సైన్యంతో వచ్చినాక, 1751లో. కోట సంవత్సరం దానికి నాలుగేండ్లు ముందు. అంతకుముందు ఐరోపా పనివాళ్ళు దక్కనులో లేరని కాదు, ఫిరంగుల పనికి చాలాకాలం నుంచే ఉన్నారు. కోట రూపం చూస్తే ఆ విద్య తెలిసినవాళ్ళ చెయ్యి పడ్డదని ఎవరైనా ఒప్పుకుంటారు. కాని కోట కట్టినవాళ్ళ పేరు కోటకు రావచ్చు, ఊరికి రావాలంటే అంతకుముందు ఊరు లేకపోవాలి.

ఊరు లేదా? జగిత్యాల పక్కనే పొలాస ఉంది. ఇప్పటి పిల్లలకు వ్యవసాయ పరిశోధనా కేంద్రంగా తెలుసు. శాసనాల్లోని పొలవాస అదే. పన్నెండో శతాబ్దంలో మేడరాజు, జగ్గదేవుడు వంటి పొలవాస నాయకులు ఏలిన సీమ ఇది. హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి శాసనం కాకతి రుద్రదేవుని విజయాలను లెక్కబెడుతూ మేడరాజును ఓడించిన సంగతి, పొలవాస సీమ స్వాధీనమైన సంగతి చెబుతుంది. ఆ జగ్గదేవుని పేరే జగిత్యాలకు నిలిచిందని కొందరి వాదన. జాక్, తాల్ పుట్టడానికి ఆరు వందల ఏండ్ల ముందటి పేరు. నాకు ఈ వాదన వైపు మొగ్గు ఉంది. కాని చెవికి పోలిక దొరికింది కదా అని ఒప్పుకుంటే జాక్, తాల్ దగ్గర చేసిన తప్పే మళ్ళీ చేసినవాణ్ణవుతాను. అందుకని దీని పక్కన కూడా ప్రశ్నగుర్తు పెట్టాను. మొదటిదాని కంటే కొంచెం చిన్నది.

పోయిన చలికాలం మన బ్యాచ్ వాళ్ళం నలుగురం ఎలగందుల పోయాం. కోరుట్ల కాంట్రాక్టరు కారు, సిరిసిల్ల దోస్తు వచ్చాడు, ఇంకొకాయన మోకాళ్ళ నొప్పులతో కారులోనే ఉండిపోయాడు. కరీంనగర్ నుంచి సిరిసిల్ల పోయే తోవలో, మానేరు ఒడ్డున, తాటి చెట్ల నడుమ గుట్ట. జఫరుద్దౌలా మన కోట కట్టించిన ఏడేండ్లకు, 1754లో, ఇక్కడ రెండు ఎత్తయిన మినార్లు కట్టించాడు. దో మినార్ అంటారు. ఒక మినారు పైకెక్కి ఊపితే ఊగుతుందని ప్రసిద్ధి. ఇట్లాంటి ఊగే మినార్లు అహ్మదాబాదులో సీదీ బషీర్ మసీదుకు ఉన్నాయి, ఇరాన్‌లో ఇస్ఫహాన్ దగ్గరా ఉన్నాయి. మేం ఎక్కలేదు, ఊపలేదు. రెండు వందల డెబ్బై ఏండ్ల కట్టడాన్ని ఊగుతుందా లేదా అని ఊపి చూసేవాళ్ళ మీద నాకు మొదటినుంచీ కోపమే. కింద నిలబడి మెడలు నొప్పి పుట్టేదాకా చూశాం. ఒకే మనిషి ఒకచోట నేలకు అణిగే కోటను, ఇంకొకచోట ఆకాశానికి లేచే మినార్లను కట్టించాడు. అవసరం వేరు, అంతే.

గుట్ట మాత్రం ఎక్కాం. మూడుచోట్ల కూర్చున్నాం. కాకతీయుల నుంచి ఆసఫ్‌జాహీల దాకా చేతులు మారిన కోట అది. పైన నరసింహస్వామి గుడి, దారిలో మసీదు. 1905 దాకా జిల్లా కేంద్రం ఎలగందులే. కచేరీలు కరీంనగర్ పోయినంక ఊరు చిన్నబోయింది. పైనుంచి చూస్తే ఆ కథంతా ఒక్క చూపులో తెలుస్తుంది: కాళ్ళ దగ్గర కూలిన గోడలు, దూరంగా కరీంనగర్ మేడలు. నడుమ మనం చదువుకునే రోజుల్లో లేనిది, దిగువ మానేరు నీళ్ళు. ఆ డ్యాం పని 1974లో మొదలై 1985లో ముగిసింది. మేం చార్మినార్ ఎక్కిన ఏడాది ఇక్కడ ఇంకా మట్టి తవ్వుతున్నారు.

కింద ఒక ముసలాయన కలిసి, కోట లోపలి నుంచి మానకొండూరు దాకా సొరంగం ఉందని చెప్పాడు. నేనూ సిరిసిల్ల దోస్తూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మానకొండూరు మానేరుకు అవతల ఒడ్డు. "నది కిందికెల్లా తాతా?" అని దోస్తు అడిగాడు, అచ్చం సార్ గొంతుతో. ముసలాయన ఏమాత్రం తడబడలేదు. "అండ్లనే ఉన్నది బిడ్డా కథంతా" అన్నాడు.

దిగేటప్పుడు దోస్తు పడమర దిక్కు చూపించి, "మా ఊరు అటే" అన్నాడు. సిరిసిల్ల అక్కడికి కనబడదు. నడుమ భీవండిలో పన్నెండేండ్లు మరమగ్గాల మీద పనిచేసి వచ్చిన మనిషి. చార్మినార్ మీద పది నిమిషాలు ఏం రాసినవని అడిగాను. "నా దిక్కు ఉత్తరం వడ్డది. గుడ్డల దుకాండ్లు లెక్కవెట్టిన. నలభై దాకా పోయిన, సార్ టైమయింది అన్నడు" అన్నాడు. ఆ పదిహేను రూపాయలు సార్ కట్టిండని ఆయనకు చాలా ఏండ్లకు వాళ్ళ నాయిన చెప్పాడట. అప్పటికి సార్ లేడు.

కొడిమ్యాల అమ్మాయి మన బడి పిల్లే కాబట్టి ఈ సావనీరు చేరుతుందనే ఆశ ఉంది. అమ్మా, నీ ప్రశ్నకు నా దగ్గర ఇంకా జవాబు లేదు. మంచిర్యాల, కొడిమ్యాల పేర్ల చివరి ముక్క ఎక్కడిదో నీకు తెలిస్తే నాకు చెప్పు, నోటుబుక్కులో ఆ పేజీ ఖాళీగానే ఉంచాను.